పిలవకే డేగమ్మా

నాలుగింటికి గాని లోపలికి పంపరు. మేస్త్రీ మూడింటికే వచ్చి కూచున్నాడు. ఐదో అంతస్తు, పొడుగాటి వరండా, గోడవారగా ఇనప బెంచీ, బెంచీకి ఎదురుగా జానెడు మాత్రమే తెరుచుకునే అద్దాల కిటికీ. జానెడే ఎందుకంటే ఎవరూ దూకకుండా అట. వార్డు తలుపు దగ్గర స్టూలు మీద కూచున్న వాచ్‌మన్ చెప్పాడు, అడక్కుండానే. మేస్త్రీ తలూపాడు. ఐదో అంతస్తంటే నేల నుంచి యాభై అడుగులు, ఇంకో రెండు వేసుకోవచ్చు, కిందికి చూడకుండానే అరికాళ్ళకి తెలిసిపోయింది. పరంజాలు కట్టడం మానేసి పదిహేనేళ్ళయినా అరికాళ్ళు మానలేదు. కాస్త ఎత్తుకి వస్తే చాలు, వేళ్ళు చెప్పులో ముడుచుకుని దేన్నో పట్టుకోవాలని చూస్తాయి. ఆ తలుపు వెనక, ఎడమవైపు నాలుగో మంచం మీద బావ ఉన్నాడు. బావంటే చుట్టరికం కాదు. పద్నాలుగేళ్ళు ఒకే పరంజా మీద పనిచేసి బావా అంటే బావా అనుకున్నవాళ్ళు. మేస్త్రీ కర్ర నిలబెడితే బావ ముడి వేసేవాడు. పక్షవాతం వచ్చిందని మొన్ననే తెలిసింది. కుడి చెయ్యి పడిపోయిందట. ఆ మాట విన్నప్పటి నుంచీ మేస్త్రీకి ముద్ద దిగడం లేదు. కుడి చెయ్యే. అమ్మ పడిపోవాలన్న చెయ్యే.

ఎదుటి మేడకి రంగు వేస్తున్నట్టున్నారు, ఒక పక్కంతా ఇనప గొట్టాల పరంజా, దాని మీద ఆకుపచ్చ వల. గొట్టానికీ గొట్టానికీ మధ్య బిగించిన నట్లు. వెతికినా ఒక్క ముడి లేదు. బావ చూస్తే ఏమనేవాడో, ఇది పరంజానా మంచం కోళ్ళా అనేవాడు. పరంజా లేని వైపు, ఆరో అంతస్తు సన్‌షేడ్ మీద, రెండు ఏసీ పెట్టెల మధ్య పుల్లల పోగు, పుల్లల్లో తీగ ముక్కలు, ఒక ఎర్ర పేలిక. దాని పక్కన డేగ పిల్ల నిలబడి ఉంది. మొదట పావురం అనుకున్నాడు. తల తిప్పినప్పుడు వంకర ముక్కు కనబడింది. ఒంటి నిండా గోధుమ రంగు చారలు, తల మీద మాత్రం ఇంకా అక్కడక్కడ తెల్లటి నూగు, సగం గడ్డం గీసుకుని మధ్యలో లేచొచ్చిన మనిషిలా. అది అంచు దాకా నడిచింది. నడక కాదు, పక్కపక్కకి గెంతడం. రెక్కలు తెరిచింది. రెక్కలు పెద్దవి, అరువు తెచ్చుకున్న చొక్కాలాగా దాని ఒంటికి మించినవి. గాలి తోసింది కాబోలు, తూలింది, రెక్కలు మూసేసి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుంది. మేస్త్రీ పిక్కలు బిగుసుకున్నాయి.

"చూస్తున్నావా తాతా? రెండ్రోజుల్నుంచీ ఇదే బాగోతం," అన్నాడు వాచ్‌మన్. "అదిగో, పైన నీళ్ళ ట్యాంకు మీద తల్లి. కాళ్ళ కింద ఏదో ఉంది చూడు, ఎలుకో పిట్టో. తెచ్చి నోట్లో పెట్టొచ్చు కదా? పెట్టదు. కావాలంటే నువ్వే రా అని అక్కడ కూచుని అరుస్తుంది. మా ఆవిడే నయం, అరిచినా అన్నం పెడుతుంది."

మేస్త్రీ నవ్వలేదు. నవ్వించబోయి ఓడిపోయిన వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "రెండు పిల్లలుండేవి. ఇంకోటి మొన్న కింద స్కూటర్ల మధ్య దొరికింది. చీపురుతో ఊడ్చేశారు."

ట్యాంకు మీద నుంచి తల్లి అరిచింది. కీ... కీ... సన్నగా, గాజు మీద మేకు గీసినట్టు. పిల్ల గోడ దగ్గర నుంచి మళ్ళీ అంచుకి వచ్చింది. తల అటు తిప్పింది. అంచు మీద నిలబడి తల తిప్పింది. తిప్పకూడదు. తల తిరిగితే ఒళ్ళు తిరుగుతుంది, ఒళ్ళు తిరిగితే కాలు తిరుగుతుంది, కాలు తిరిగితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. అందుకే పరంజా మీద ఉన్నవాణ్ణి కింద నుంచి గొంతెత్తి పిలవకూడదు. ఆ పనిలో మొదటి రోజు మొదటి గంటలో నేర్పేది అదే, కర్ర పట్టుకోవడం కన్నా ముందు. రాయి తీసుకుని నిలువు కర్ర మీద కొట్టాలి. ఒకసారి కొడితే ఆగు అని. రెండుసార్లు కొడితే ముందు పట్టుకో, పట్టుకున్నాక కిందికి చూడు అని. మూడుసార్లు కొడితే దిగిరా అని. పైనున్నవాడికి ఆ దెబ్బ చెవుల్లో వినబడదు, అరికాల్లో తెలుస్తుంది, చెయ్యి దానంతటదే వెళ్ళి కర్రని పట్టుకుంటుంది, అప్పుడు గాని తల తిరగదు. మేస్త్రీ ఈ సంగతి ఎంతమందికి నేర్పాడో లెక్క లేదు. తమ్ముడికీ అతనే నేర్పాడు. తమ్ముడి చేతికి రాయి ఇచ్చి, తను పైకెక్కి, కొట్టరా అన్నాడు. వాడు డోలు వాయించినట్టు ఎడాపెడా వాయించి, ఇప్పుడు దిగాలా ఆగాలా గెంతాలా అన్నయ్యా అని పడీపడీ నవ్వాడు. పైన బావ కూడా నవ్వాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఎక్కడో ఉంది, గోడ పక్కన ఎవరో నవ్వుతున్నట్టు, మేస్త్రీ తలుపు తీస్తే ఆగిపోతుంది.

ముప్ఫై ఒక్కేళ్ళు. ఆరోజు ఎండ ఇలాగే ఉంది, గోడల మీద పడి కళ్ళలోకి తిరిగొచ్చే ఎండ. తమ్ముడు నాలుగో వరస బల్ల మీద నిలబడి తాడు చుట్ట పైకి అందిస్తున్నాడు. బావ అవతలి పక్క. మేస్త్రీ రోడ్డు దాటి వెళ్ళి టీ తెచ్చాడు. బావ టీ తాగడు, అందుకని రెండే గ్లాసులు, చేతికొకటి. గ్లాసులు కాలుతున్నాయి. నిలువు కర్ర దగ్గరికి వచ్చాడు. రాయి కర్ర మొదట్లోనే ఉంది. రాయి తియ్యాలంటే ఒక గ్లాసు కింద పెట్టాలి. కింద అంతా సిమెంటు దుమ్ము. టీలో దుమ్ము పడుతుందని అనుకున్నాడు. అంతే అనుకున్నాడు, ఇన్నేళ్ళూ వెనక్కి వెళ్ళి వెళ్ళి వెతికినా అంతకు మించి ఏమీ దొరకలేదు. కోపం లేదు, తొందర లేదు. టీలో దుమ్ము పడుతుందని. తల పైకెత్తి, టీ వచ్చిందిరా అని పిలిచాడు.

తమ్ముడు తల తిప్పాడు. నవ్వు మొహంతోనే తిప్పాడు, ఆ మొహం మేస్త్రీకి మొత్తం కనబడింది. కాలు బల్ల కొస మీద పడింది, బల్ల రెండో కొస లేచింది, మనిషి వెళ్ళిపోయాడు. మనిషి వెళ్ళాకే, బరువు పోయిన బల్ల తన్నిన తన్నుకి కర్రకి కట్టిన తాడు ఊడింది. ముందు మనిషి, తరవాత ముడి. మేస్త్రీ చూశాడు. చూసినవాడు అతనొక్కడే. ఆ తరవాత అతను చేసిన మొదటి పని, రెండు గ్లాసులూ జాగ్రత్తగా, ఒలక్కుండా కింద పెట్టడం. ఆ దుమ్ములోనే పెట్టాడు.

కాంట్రాక్టరు వచ్చాడు. పైకి చూశాడు. బల్ల పక్కన తాడు కొస వేలాడుతోంది. ముడి జారిందా అన్నాడు. ఈ వరసకి ముళ్ళు ఎవరు వేశారు అన్నాడు. బావ ముందుకొచ్చాడు, తన చేతుల వంక చూసుకుంటూ. కాంట్రాక్టరు మేస్త్రీ వైపు తిరిగి, నువ్వు కిందే ఉన్నావుగా, ముడేనా అన్నాడు. మేస్త్రీకి నోరు పెగల్లేదు. అబద్ధం చెప్పాడా అంటే చెప్పలేదు. ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ చెప్పకపోవడాన్నే అందరూ మాటగా తీసుకున్నారు, పాపం తమ్ముడు పోయిన మనిషి, ఏం చెప్తాడు అన్నారు. రేపు చెప్దాం అనుకున్నాడు. మర్నాడు బావ పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక ఏ పరంజా దగ్గరికీ రాలేదు.

పిల్ల రెక్కలు కొడుతోంది. ఉన్నచోటే నిలబడి, గోళ్ళతో అంచు పట్టుకుని, ఒళ్ళంతా ఊగేలా కొడుతోంది. కాళ్ళు లేచాయి. నాలుగు వేళ్ళ ఎత్తు లేచి మళ్ళీ అక్కడే పడింది. పడ్డాక ఏమీ ఎరగనట్టు ఈక సవరించుకుంది. రెండు కాకులు వచ్చి ఏసీ పెట్టె మీద వాలాయి. అవి ఎందుకొచ్చాయో పిల్లకి తెలియదు, మేస్త్రీకి తెలుసు. ఇంట్లో అమ్మకి ఏదీ తెలియదు. అమ్మకి అందరూ చెప్పిందే తెలుసు. రోజూ కంచం ముందు కూచుని, మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోబోయే ముందు అనేది, ఆ ముడి వేసిన చెయ్యి పడిపోను అని. గట్టిగా అనేది కాదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అనేది. రోజూ. రెండు పూటలా. ఎదురుగా మేస్త్రీ కూచుని ఉండేవాడు, అతని కుడి చెయ్యి అన్నంలో ఉండేది. ఒక్కోసారి ఆ చెయ్యి ఆగేది. తిను నాయనా అనేది అమ్మ. తినేవాడు. ఇరవై రెండేళ్ళు అలా తిన్నాడు, అమ్మ పోయేదాకా.

మాట తమ్ముడు పోయినప్పుడే పోయింది అతనికి. చిన్నప్పుడు మూడో తరగతితో బడి మానేసినా నోటికి లోటు ఉండేది కాదు, కూలీల మధ్య బాగానే కూసేవాడు. తరవాత ఎవరినీ గొంతెత్తి పిలవలేదు. ఇంట్లో భార్యని పిలవాలంటే గుమ్మం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. నేనేమన్నా పరంజా మీద ఉన్నానా, నాకో పేరుంది అనేది ఆవిడ మొదట్లో. తరవాత అలవాటైపోయి, రెండు దెబ్బలు వినబడితే చాలు, ముందు గోడ పట్టుకుంటున్నానండోయ్ అని వంటింట్లోంచి వెక్కిరించేది. పిల్లలు కూడా అంతే, మూడు దెబ్బలకి మేడ దిగొచ్చేవాళ్ళు. చుట్టాలు వచ్చి నవ్విపోయేవాళ్ళు, మేస్త్రీ గారింట్లో మనుషులు కాదు వడ్రంగి పిట్టలు ఉంటాయని. ఆ ఆరిపోయిన గొంతు వెనక ఏముందో ఏ ఒక్కరూ అడగలేదు. పని నేర్పిన అలవాటు అనుకున్నారు. మంచి అలవాటు అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

"మేస్త్రీ మావయ్య కదూ?"

బావ కూతురు. చేతిలో ఫ్లాస్కు, భుజానికి సంచి, వేళ్ళకి సూది పోట్లు, బట్టలు కుట్టే చేతులు. పదేళ్ళ పిల్లప్పుడు చూశాడు. ఇప్పుడు జుట్టులో తెల్ల వెంట్రుకలు. లేవబోయాడు. "కూచోండి, కూచోండి" అంటూ పక్కనే కూచుంది.

"మీరొస్తారనుకోలేదు మావయ్యా. నాన్న ఎంత సంతోషపడతాడో. మాట ముద్దముద్దగా వస్తోంది గాని తెలివి బాగానే ఉంది. మిమ్మల్ని అడిగేవాడు అప్పుడప్పుడు. మేస్త్రీ ఎక్కడైనా కనబడ్డాడా అని. వెళ్ళి చూసి రారాదూ అంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే అనేవాడు."

మేస్త్రీ కిటికీ వైపు చూస్తున్నాడు.

"మీ అమ్మగారు పోయినప్పుడు వచ్చాడు, తెలుసా మీకు? లోపలికి రాలేదు. వీధి చివర నిలబడి, మోసుకెళ్ళేదాకా చూసి వచ్చాడట. వారం రోజులు బండి తియ్యలేదు." కూరగాయల బండి. పరంజా మానేశాక బావ ఆ బండి తోసే బతికాడు. "మా ఇంట్లో ఒక విచిత్రం చెప్పనా మావయ్యా? ఆ పని మానేశాక నాన్న ముడి వేయగా నేను చూడలేదు. నా జడ రిబ్బను అమ్మే కట్టాలి. సంచి మూతి మెలిపెట్టి వదిలేస్తాడు, ముడి వెయ్యడు. నా పెళ్ళిలో దండ తాడు తెగితే పక్కవాళ్ళ చేతికిచ్చాడు. ఇప్పుడు చూడండి, ఆ ఎడం చేత్తో పొద్దస్తమానం దుప్పటి కొస ముడి వేస్తున్నాడు. ఒంటి చేత్తో, పళ్ళతో లాగి. వేస్తాడు, లాగి చూస్తాడు, విప్పుతాడు. మళ్ళీ వేస్తాడు. ఎందుకు నాన్నా అంటే, ఎలా జారిందో చూస్తున్నానంటాడు."

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఈ పిల్లకి చెప్తే ఈ పిల్లే లోపలికి వెళ్ళి చెప్తుంది, తను మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు. మెట్లు ఆ వైపు. లెక్కపెట్టుకుంటూనే ఎక్కాడు, నూటా నాలుగు. నోరు తెరిచాడు. తల్లి డేగ అరిచింది.

ఈసారి ఆపకుండా అరిచింది. కీ, కీ, కీ. కాళ్ళ కింద ఉన్నదాన్ని ఎత్తి, చూపించి, మళ్ళీ కింద పెట్టి అరిచింది. పిల్ల అంచు చివరికి వచ్చేసింది. ఒక కాలు అంచు మీద, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో. తల తల్లి వైపు. కాకులు దగ్గరికి జరిగాయి. ఊరుకో, పిలవకు, అది సిద్ధంగా లేదు, ఒంటికాలి మీద ఉంది, నీకు కనబడటం లేదా, ఆకలేస్తే అదే వస్తుంది, ముందు పట్టుకోనీ, పట్టుకున్నాక...

"పిలవకే!"

బయటికే వచ్చింది. వరండా అంతా వినబడింది. వాచ్‌మన్ స్టూలు మీద నుంచి లేచాడు. బావ కూతురు ఉలిక్కిపడింది. "పిలవకే డేగమ్మా, పిలవకే, పడిపోద్దే!" మేస్త్రీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఎప్పుడు లేచాడో తెలియదు, జానెడు సందులోంచి చెయ్యి బయటికి పెట్టాడు, ఆ చెయ్యి దేన్నో ఆపుతోంది.

పిల్ల వెళ్ళిపోయింది. ఎగరడం కాదు అది, అంచు మీద నుంచి జారడం. రెక్కలు తెరిచింది గాని ఒకటి ముందు, ఒకటి తరవాత. పక్కకి కొట్టుకుపోయి ఆకుపచ్చ వలకి తగులుకుంది, గోళ్ళు వలలో చిక్కుకుని తలకిందులుగా వేలాడింది, రెక్క ఇనప గొట్టానికి కొట్టుకున్న చప్పుడు ఇక్కడి దాకా వచ్చింది. మేస్త్రీ కళ్ళు మూసుకోలేదు. ఆరోజూ మూసుకోలేదు. తల్లి ఆపలేదు. కీ, కీ అని అరుస్తూనే ఉంది, జాలి లేనిదానిలా. పిల్ల గింజుకుంది. ఊడింది. ఒక అంతస్తు, రెండంతస్తులు, రాయిలా. మూడో అంతస్తు కిటికీ దగ్గర గాలి దాని రెక్కల కింద ఎక్కడో దొరికింది. ఒళ్ళు ఒక్కసారి పైకి ఊగింది. ఊగి, మునిగి, మళ్ళీ ఊగి, వంకరటింకరగా స్కూటర్ల మీదుగా రోడ్డు దాటి అవతలి గోడ మీద పడినట్టు వాలింది. నోరు తెరిచి రొప్పుతోంది. కాకులు దిక్కులు చూస్తున్నాయి. తల్లి తిండి ఎత్తుకుని దాని దగ్గరికి వచ్చింది. పెట్టలేదు. ఇంకా దూరంగా దీపస్తంభం మీద వాలి, అక్కడి నుంచి మళ్ళీ పిలవడం మొదలుపెట్టింది.

"బతికింది తాతా," అన్నాడు వాచ్‌మన్, వెనకే నిలబడి. "నీ గొంతుకి హడలి ఎగిరినట్టుంది."

మేస్త్రీ చెయ్యి లోపలికి తీసుకున్నాడు. ముంజేతి మీద అద్దం అంచు గీసుకుపోయింది. గొంతు మండుతోంది. ఇన్నాళ్ళూ గొంతెత్తకపోవడం మొక్కులా మోశాడు, తమ్ముడి కోసం అనుకున్నాడు. తమ్ముడు పిలుపు విననే విన్నాడు, వాడికి దాంతో ఇక పనేముంది. వినవలసినవాడు ఆ తలుపు వెనక పళ్ళతో దుప్పటి లాగుతున్నాడు.

గంట కొట్టారు.

నాలుగో మంచం. బావ సగమయ్యాడు. మూతి ఒక పక్కకి జారింది, కుడి చెయ్యి దిండు మీద ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది. ఎడం చేతిలో దుప్పటి కొస. మేస్త్రీని చూసి కొస వదిలేసి లేవబోయాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"బావా," అన్నాడు, మాట ముద్దగా. "క్షమించావా?"

కూతురు ఫ్లాస్కు మూత తిప్పుతోంది. పక్క మంచం ముసలాయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ నిలబడే ఉన్నాడు. మంచం కోడు పట్టుకున్నాడు.

"ముడి జారలేదు బావా."

బావ చూస్తున్నాడు.

"నేను పిలిచాను. రాయి తీసుకుని కొట్టలేదు. చేతుల్లో టీ గ్లాసులున్నాయి. కింద పెడితే దుమ్ము పడుతుందని, నోటితో పిలిచాను. వాడు తిరిగాడు, పడ్డాడు. వాడు పడ్డాకే బల్ల తన్ని నీ ముడి ఊడింది. నేను చూశాను. కాంట్రాక్టరు అడిగితే చెప్పలేదు. నీ ముడి జారలేదు."

ఫ్లాస్కు మూత ఆగింది. రేడియో కూడా తగ్గింది. బావ కళ్ళు మేస్త్రీ మొహం మీదే ఉన్నాయి, అటూ ఇటూ కదులుతున్నాయి, ఎక్కడైనా పట్టు దొరుకుతుందా అన్నట్టు. పెదవి కదిలింది.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"ఆవిడ... పోయేదాకా?"

"పోయేదాకా చెప్పలేదు."

బావ కూతురు లేచింది. "ముప్ఫై ఒక్కేళ్ళు మావయ్యా," అంది. "ముప్ఫై ఒక్కేళ్ళు బండి తోశాడు మా నాన్న. వానలో, ఎండలో. చేతులు చూసుకుని ఏడ్చేవాడు, మేం నిద్రపోయామనుకుని. మీకు నోరు లేదా? బయటికి నడవండి."

మేస్త్రీ కదిలాడు. కోడు వదిలి ఒక అడుగు వేశాడు. మంచం మీద నుంచి ఎడం చెయ్యి వచ్చి అతని చొక్కా కొస పట్టుకుంది. ఎక్కడలేని బలం ఆ వేళ్ళలో, కర్రకీ కర్రకీ తాడు బిగించిన వేళ్ళు. దయ కాదు అది, మేస్త్రీకి తెలుస్తూనే ఉంది. బావ మొహంలో ఎక్కడా దయ లేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మేస్త్రీ చెప్పాడు. ముడి జారలేదన్నాడు.

"దానికి చెప్పు." కూతురి వైపు గడ్డం ఊపాడు.

కూతురి వైపు తిరిగి చెప్పాడు. ఆ పిల్ల మొహం తిప్పుకుంది గాని వింది.

"వాళ్ళకి వినబడలేదు," అన్నాడు బావ. పక్క మంచాలు, వాటి చుట్టూ చేరిన చుట్టాలు, మందుల బండి ఆపి నిలబడ్డ నర్సు, తలుపు దగ్గర వాచ్‌మన్. "గట్టిగా."

"బావా..."

"గట్టిగా చెప్పు. మొదటి నుంచి. టీ కోసం రోడ్డు దాటిన కాడి నుంచి."

వార్డంతా ఇటే చూస్తోంది. చొక్కా పట్టుకున్న చెయ్యి వదలలేదు. మేస్త్రీ ఊపిరి తీసుకున్నాడు. తల ఎత్తాడు. ఆరోజు ఎండ ఎక్కువగా ఉందని, నాలుగో వరస బల్ల మీద తన తమ్ముడు నిలబడి ఉన్నాడని, ఆ చివరి మంచం దాకా వినబడేలా మొదలుపెట్టాడు.